వెనక చక్రాల మీది సీటు

నాలుగో స్పీడ్ బ్రేకరు దగ్గర టైలరమ్మ "అమ్మా" అనలేదు.

డ్రైవరు అద్దంలోకి చూశాడు. మొదటి మూడింటి దగ్గరా అంది. వ్యాను వెనక చక్రాలు గట్టెక్కి దిగిన ప్రతిసారీ ఆవిడ "అమ్మా" అనడం, లైన్‌మన్ "మెల్లగా బాబూ" అనడం, "ఇంతకన్నా మెల్లగా అంటే దిగి తొయ్యాలండీ" అని తను విసుక్కోవడం మూడు నెలలుగా నడుస్తున్నదే. ఈసారీ వ్యాను వెనక భాగం ఎగిరిపడింది. సీట్ల కింద బోల్టులు గలగలమన్నాయి. వెనక నుంచి మాత్రం మాట లేదు. అద్దంలో ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. కట్టు కట్టిన ఎడమ చేతిని గుండెకి ఆనించుకుని, కుడిచేత్తో ముందు సీటు కడ్డీ పట్టుకుంది. కింది పెదవి పళ్ళ మధ్య ఉంది.

ఆస్పత్రి నుంచి ఆవిడ ఇంటికి పన్నెండు కిలోమీటర్లు. సోమవారం, గురువారం పొద్దున్నే తీసుకెళ్ళాలి. మెషీను నాలుగు గంటల పాటు రక్తం కడిగాక మధ్యాహ్నం మళ్ళీ తీసుకొచ్చి దింపాలి. గేటు ముందు వ్యాను ఆపి, దిగి, పక్క తలుపు జరిపి చెయ్యి అందించాడు. ఎప్పుడూ ఆ చెయ్యి పట్టుకుని దిగే మనిషి, తలుపు అంచు పట్టుకుని తనే దిగింది. రెండడుగులు వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగింది.

"సోమవారం నాకోసం రావద్దు నాయనా."

"ఎక్కడికైనా వెళ్తున్నారా అమ్మా?"

"ఎక్కడికీ లేదు. మానేస్తున్నాను."

"ఏం మానేస్తున్నారు?"

"ఆస్పత్రి."

డ్రైవరుకి ముందు కోపమే వచ్చింది. "అదేమన్నా జాకెట్టు కుట్టడమా అమ్మా, మనసు బాగాలేదని పక్కన పెట్టడానికి?"

"అరవై రెండేళ్ళొచ్చాయి నాకు. ఏది పక్కన పెట్టాలో ఒకళ్ళు చెప్పక్కర్లేదు." ఆవిడ గొంతు పెంచలేదు. "అక్కడ రెండు సూదులు గుచ్చుతారు. కదలకుండా పడుకోమంటారు. పడుకుంటాను. నీ బండిలో ముప్పావుగంట నా వల్ల కావడం లేదు. ఇవాళ పట్టేసిన నడుం ఆదివారానికి గాని విడవదు. విడిచిందనుకునేసరికి సోమవారం పొద్దున్నే నీ హారను."

"మేస్త్రికి చూపిస్తున్నాను కదమ్మా. కాస్త ఓర్చుకోండి."

"మూడు నెలల నుంచి నువ్వు చూపిస్తున్నావు, ఆయన చూస్తున్నాడు. నేను ఎగురుతున్నాను."

గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. లైన్‌మన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. కరెంటు స్తంభాలెక్కి ముప్పై ఏళ్ళు పనిచేసి దిగిన మనిషి. ఎంత నీరసంగా ఉన్నా నోరు ఊరుకోదు. "ఏంటయ్యా, ఆవిడ కూడా రాజీనామా ఇచ్చిందా?"

"మీరు కూర్చోండి సార్."

"కూర్చునే ఉన్నాను. లేపేది నీ బండేగా."

డ్రైవరు తలుపు మూసి, మళ్ళీ సీట్లోకి ఎక్కాడు. నాలుగేళ్ళుగా ఈ మనుషుల్నే తిప్పుతున్నాడు. ఒకసారి మానేస్తే కాళ్ళు ఉబ్బుతాయి. రెండోసారి మానేస్తే పడుకోలేరు, ఆయాసంతో కూర్చునే తెల్లవారుస్తారు. ఆ తర్వాత వాళ్ళ గేటు దగ్గర వ్యాను ఆపాల్సిన పని ఉండదు. డాక్టర్లు వేరే మాటల్లో చెబుతారు గాని, అతను చూసింది ఇదే.

*

శుక్రవారం పొద్దున ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జి పిలిపించాడు. ఆస్పత్రి వెనక, బట్టలుతికే గది పక్కన ఆయన గది. గోడకి వ్యాన్ల నెంబర్లు రాసిన బోర్డు, బల్లమీద ఫైళ్ళు, ఆ ఫైళ్ళ మీద టిఫిన్ డబ్బా. ఒక కాగితం డ్రైవరు వైపు జరిపాడు.

"మెమో. ఫిర్యాదుల పుస్తకంలో ఎవరో రాశారు. 'వ్యాను డ్రైవరు దురుసుగా నడుపుతున్నాడు, పేషెంట్లు సీట్లలోంచి లేచిపోతున్నారు' అని. సోమవారం లోగా సంజాయిషీ ఇవ్వాలి."

"సార్, నేను ఇరవై దాటను. దురుసుగా ఉన్నది బండి."

"బండికి పోయిన నెలే ఫిట్‌నెస్ అయింది." ఇన్‌చార్జి ఫైలు తట్టాడు. "బండి బాగుందని కాగితం ఉంది. నువ్వు బాగున్నావని కాగితం ఏదీ?"

"మీరొకసారి ఎక్కి చూడండి సార్."

"చూశాను కదయ్యా మొన్న. మెత్తగానే ఉంది."

"మీరు నా పక్కన కూర్చున్నారు సార్. వెనక చక్రాల మీద కూర్చుంటే తెలుస్తుంది."

"నేను వెనక ఎందుకు కూర్చుంటాను?" అన్నాడు ఇన్‌చార్జి. నిజంగానే అర్థం కానట్టు అన్నాడు.

మెమో నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకుని, డ్రైవరు వ్యానుని తిన్నగా వంతెన కింద షెడ్డుకి పోనిచ్చాడు. అక్కడి మేస్త్రి ఈ వ్యాను కొత్తగా వచ్చినప్పటి నుంచి దీని అడుగున పడుకుంటున్న మనిషి. వయసులో పెద్దవాడు, డ్రైవరు బాబాయ్ అంటాడు. బంధుత్వమేమీ లేదు, గదమాయించడానికి వీలుగా ఉంటుందని అలా పిలుస్తాడు.

"మళ్ళీ వచ్చావా?" అన్నాడు మేస్త్రి.

"మళ్ళీ పంపించింది నువ్వే బాబాయ్. మొదటిసారి షాక్ అబ్జార్బర్లు పోయాయన్నావు, నాలుగూ మార్చావు. రెండోసారి టైర్లు గట్టిపడ్డాయన్నావు, మార్పించాను. మూడోసారి ఏమంటావో చెప్పు, వింటాను."

మేస్త్రి వెనక బంపరు మీద మోకాలు పెట్టి, ఒళ్ళంతా ఆనించి కిందికి నొక్కాడు. వ్యాను కదల్లేదు. ఇంకోసారి రెండు చేతులతో, ఎగిరి నొక్కాడు. గోడని నొక్కినట్టుంది.

"చూడు, దీనికి ఒంట్లో కదలికే లేదు. స్ప్రింగు పట్టీల చివర రబ్బరు బుష్‌లు ఉంటాయి. అవి పట్టేశాయి. ఈసారి పక్కా."

"పోయినసారి కూడా పక్కానే."

"పోయినసారి పక్కా వేరు, ఇది వేరు."

జాకీలు వేసి వెనక భాగం పైకి లేపారు. చక్రాలు గాల్లో వేలాడుతున్నాయి. ఇరుసుకి రెండు పక్కలా, ఒకదాని కింద ఒకటి పేర్చిన ఇనప పట్టీల కట్ట విల్లులా వంగి ఉంది. దాని చివర్లు ఛాసిస్‌కి తగిలే చోట పాత బుష్‌లు నల్లగా, ఎండిన చెప్పు అట్టలా ఉన్నాయి. మేస్త్రి వాటిని సుత్తితో కొట్టి ఊడదీసి, కొత్తవి సబ్బునీళ్ళు పూసి లోపలికి దించాడు. అంతసేపూ డ్రైవరు ఆయన నెత్తిన నిలబడే ఉన్నాడు.

"బాబాయ్, తొందరగా కానీ."

"కానిస్తున్నాను."

"సరిగ్గా కానీ."

"రెండూ ఒకేసారి కావాలంటే నువ్వే పడుకో కింద."

"సోమవారం లోగా ఇది బాగుపడకపోతే ఒక మనిషి ఆస్పత్రి మానేస్తుంది. మెమో సంగతి దేవుడెరుగు."

మేస్త్రి పానా ఆపాడు. "ఎవరు?"

"టైలరమ్మ. చివరి సీటావిడ."

మేస్త్రి పానా మళ్ళీ తిప్పాడు. బోల్టులు బిగించాడు. చక్రాలు గాల్లో ఉండగానే, చెయ్యి కొంచెం తొందరపడి బిగించాడు.

సాయంత్రం ఖాళీ వ్యానుతో అదే రోడ్డు మీద నాలుగు స్పీడ్ బ్రేకర్లూ ఎక్కించి చూశాడు డ్రైవరు. నాలుగింటి దగ్గరా వెనక నుంచి ఎవరో తన్నినట్టే ఉంది. రోడ్డు పక్కన ఆపి ఫోను చేశాడు.

"కొత్త బుష్‌లు కదా, సర్దుకోవాలి. రెండ్రోజులు తిప్పు," అన్నాడు మేస్త్రి.

"బుష్‌లు సర్దుకుంటాయి, పట్టీలు సర్దుకుంటాయి, నువ్వు సర్దుకుంటావు. ఆవిడ నడుం ఎక్కడ సర్దుకోవాలి బాబాయ్?"

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా అదే గొణుగుడు. వినీ వినీ భార్య గిన్నె కింద పెట్టింది. "ఆ బండినైనా కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నావు? నేను ఏడాదికొకసారి నడుం నొప్పి అంటేనే వినిపించదు నీకు."

"నీది వేరే."

"ఏం, నాది నడుం కాదూ?"

*

శనివారం పేషెంట్లు ఉండరు. డయాలిసిస్ మెషీన్లలో పోసే మందునీళ్ళ డబ్బాలు అయిపోవచ్చాయని, అదే రోడ్డులో ఊరి చివర ఉన్న గోదాము నుంచి తెమ్మని ఇన్‌చార్జి పంపించాడు. పది లీటర్ల తెల్ల డబ్బాలు, నలభై అయిదు. గోదాము మనుషులు సీట్ల మీదా సీట్ల మధ్యా సర్ది, తలుపు మూసి, వ్యాను వీపు మీద చరిచారు.

తిరిగి వస్తూ మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర అలవాటుగా భుజాలు బిగబట్టాడు డ్రైవరు. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కి దిగాయి. వ్యాను ఒకసారి మెల్లగా కుంగి, లేచి, ఊరుకుంది. అంతే. డబ్బాల్లో నీళ్ళు మాత్రం తొణికాయి.

నమ్మకం కలగలేదు. రెండో దాని దగ్గర కావాలని కొంచెం వేగంగా పోనిచ్చాడు. మెత్తగానే దిగింది. మూడోది దాటి, బండి తిప్పుకుని వెనక్కి వెళ్ళి మళ్ళీ ఎక్కించాడు. రోడ్డు పక్క కొట్లో మనిషి ఈ విన్యాసం చూసి, "ఏం పడిపోయిందన్నా?" అని అరిచాడు. "ఏం పడలేదు!" అని నవ్వాడు డ్రైవరు. ఎన్ని వారాల తర్వాతో నవ్వాడు. అక్కడి నుంచే ఫోను చేశాడు.

"బాబాయ్, నీ చేతులకి దండం. పరుపు మీద పోతున్నట్టుంది."

"నేను చెప్పలేదూ! సర్దుకోవాలి అని చెప్పలేదూ!"

ఆస్పత్రిలో డబ్బాలు దింపించి, టైలరమ్మ ఇంటికి వెళ్ళి శుభవార్త చెబుదామని బయల్దేరాడు. గేటు బయటి స్పీడ్ బ్రేకరు మీద వ్యాను వెనక భాగం గాడిద తన్నినట్టు లేచి పడింది. సీటు కింద జాకీ రాడ్డు ఠంగుమంది. డ్రైవరు రోడ్డు మధ్యలోనే బ్రేకు మీద కాలు పెట్టేసి, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుండిపోయాడు. వెనకవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. కిందికి దిగి వాళ్ళందరికీ దండం పెట్టాలో, ఒక్కొక్కడినీ కొట్టాలో తెలియలేదు.

షెడ్డు ముందు బండి ఆపి తలుపు దభాలున వేశాడు. మేస్త్రి అన్నం తింటున్నాడు.

"తిను. బాగా తిను. పొద్దున బాగైంది, మధ్యాహ్నానికి పాడైంది. నీ పక్కా పనికి ఆయుష్షు రెండు గంటలు."

"ఏ రోడ్డు మీద పోయావు?"

"అదే రోడ్డు. అదే బండి. అదే డ్రైవరు. మారింది ఒక్కటే, పొద్దున నేను మనిషిలా ఉన్నాను, ఇప్పుడు లేను."

"పొద్దున బండిలో ఏముంది?"

"ఏముంటే ఏంటి? మందునీళ్ళ డబ్బాలు."

"ఎన్ని?"

"నలభై అయిదు. పది లీటర్లవి."

మేస్త్రి నోట్లో ముద్ద నమలడం ఆపాడు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటూ వ్యాను వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. చూసి, మట్టిలో గొంతుక్కూర్చున్నాడు.

"నాలుగు వందల యాభై కిలోలు."

"అయితే?"

"అయితే ఏంటి! బరువేస్తే బాగుంది, తీస్తే బాగాలేదు. చెడిపోయిందేమీ లేదురా దీంట్లో. అన్నీ బాగున్నాయి. బరువు లేదు. నేనొక దద్దమ్మని, నిన్న మోకాలుతో నొక్కుతూ కూడా..." తలమీద చరుచుకున్నాడు. "నీ బండిలో ఇప్పుడెంత మంది?"

"నలుగురు."

"ఈ అడుగు పట్టీలు రెండూ వేసిన రోజుల్లో ఎంత మంది?"

డ్రైవరు కూడా వంగాడు. మేస్త్రి వేలు పెట్టి చూపిస్తున్న చోట, కట్ట అడుగున, మిగతా వాటికన్నా మందంగా రెండు పట్టీలు ఉన్నాయి. రెండో పక్కనా రెండు.

"పదకొండు మంది," అన్నాడు.

"బండి తోక కిందికి జారిపోతోంది, గతుకుల్లో నేలకి రాసుకుంటోంది, గార్డుగారికి వికారంగా ఉంటోందని నువ్వే వచ్చావు. నేను ఒకటి చాలన్నాను. గుర్తుందా?"

"నేను రెండు వెయ్యమన్నాను."

"వెయ్యమనడమా! వేసేదాకా కదల్లేదు నువ్వు. 'నా మనుషులు బాబాయ్, కుదుపు తగలకూడదు' అన్నావు."

డ్రైవరు వ్యాను పక్క తలుపు జరిపి మెట్టు మీద కూర్చున్నాడు. వెనక నాలుగు వరసల సీట్లు. గార్డుగారు మొదటి వరసలో కిటికీ పక్కన కూర్చునేవారు, రైలు గార్డుగా చేసిన మనిషి, బయల్దేరే ముందు రోజూ చెయ్యి ఊపేవారు. ఆ వెనక బ్యాంకాయన, చెప్పుల షాపాయన. మూడో వరసలో అక్కాచెల్లెళ్ళిద్దరు, ఒకరి తర్వాత ఒకరు, రెండు నెలల తేడాతో పోయారు. కాలేజీ పిల్లకి వాళ్ళమ్మ కిడ్నీ ఇచ్చింది, ఆ పిల్ల బాగుంది. సైకిల్ తాత కూతురి ఊరు వెళ్ళిపోయాడు, ఎలా ఉన్నాడో తెలీదు. ఎవరూ ఒకేసారి దిగలేదు. ఏడాదిన్నరగా ఒక్కొక్కరు తగ్గుతూ వచ్చారు. ఒక్కొక్కరు తగ్గినప్పుడల్లా బండి ఒక పిసరు గట్టిపడుతూ వచ్చింది. అది అతనికి తెలియలేదు. మూడు నెలల క్రితం, అక్కాచెల్లెళ్ళలో రెండో ఆవిడ కూడా రావడం ఆగాకే, బండికి ఏదో అయిందని షెడ్డుకి తెచ్చాడు.

"అవునూ," అన్నాడు మేస్త్రి, "ముందు అన్ని సీట్లు ఖాళీగా ఉంటే ఆవిడ చివరి సీట్లో ఎందుకు కూర్చుంటుంది? సరిగ్గా ఇరుసు మీద! ముందుకొచ్చి కూర్చోమనలేవూ?"

"కూర్చోరు."

"ఎవరు?"

"ఎవరూ. ఒకసారి గార్డుగారి సీట్లో లైన్‌మన్ సంచి పెట్టాడు. టైలరమ్మ లేచి వెళ్ళి, ఆ సంచి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆ రోజు నుంచి ఎవరి సీటు వాళ్ళదే. లేనివాళ్ళ సీట్లు కూడా వాళ్ళవే."

మేస్త్రి ఖాళీ సీట్లన్నీ ఒకసారి చూశాడు. తర్వాత లేచి, తాళాల కోసం చెయ్యి చాచాడు. "దిగు అక్కణ్ణించి. పోయి చివరి సీట్లో కూర్చో. నేను నడుపుతాను."

"ఎందుకు?"

"నాలుగేళ్ళలో ఎప్పుడైనా కూర్చున్నావా?"

కూర్చోలేదు. తుడిచాడు, కడిగాడు, ఎవరైనా వాంతి చేసుకుంటే ఎత్తిపోశాడు. కూర్చోలేదు.

షెడ్డు పక్క సందంతా గుంటలే. మేస్త్రి పది కిలోమీటర్ల వేగం దాటలేదు. మొదటి గుంటలో డ్రైవరు పళ్ళు టక్కుమని కొట్టుకున్నాయి. రెండో గుంటలో దెబ్బ సీట్లోంచి నడుంలోకి, నడుంలోంచి మెడలోకి ఎక్కింది. మూడోది కనిపించగానే, ఎవరూ నేర్పకుండానే, ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని కొంచెం పైకి లేచాడు. అప్పుడు ఆవిడ గుర్తొచ్చింది. సూదులు గుచ్చిన చేతి మీద బరువు వెయ్యకూడదు. ఆవిడ ఒక్క చేత్తోనే లేచేది. పన్నెండు కిలోమీటర్లు.

సందు చివర బండి ఆగింది. మేస్త్రి వెనక్కి తిరిగి చూశాడు. "చాలా?"

"చాలు."

మళ్ళీ షెడ్డుకి వచ్చి ఇద్దరూ పనిలో దిగారు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, ఇరుసు కింద జాకీ ఉంచి, పట్టీల కట్టని ఇరుసుకి బిగించే యూ బోల్టుల మీద డీజిలు పోసి నానబెట్టారు. గంటసేపు కదల్లేదవి. పానాకి పైపు తొడిగి ఇద్దరూ కలిసి లాగితే కీచుమని తిరిగాయి. అప్పుడన్నాడు డ్రైవరు:

"బాబాయ్, రేపు మళ్ళీ మనుషులొస్తే?"

"వస్తే మళ్ళీ వేద్దాం."

"పది మంది వస్తే బండి తోక జారుతుంది."

"వస్తే గదా! లేని మనుషుల బరువుకి సరిచేసి, ఉన్న మనుషుల నడుం విరగ్గొడతావా?" మేస్త్రి గసిరాడు. గసిరి, చేతిలో పానా వంక చూసుకుంటూ గొంతు తగ్గించాడు. "అటు పట్టుకో."

మధ్య బోల్టు విప్పగానే కట్ట విడిపోయింది. అడుగు పట్టీలు రెండూ, అవతలి పక్కవి రెండూ ఊడదీశారు. మిగిలిన వాటిని ఇనప బ్రష్షుతో గీకి తుప్పు రాల్చి, ఒక్కో దాని మధ్యా గ్రీజు పూసి మళ్ళీ పేర్చారు. పొట్టి బోల్టు వేశారు. వ్యానుని కిందికి దించి చక్రాల మీద నిలబెట్టాక, మేస్త్రి మళ్ళీ అడుగుకి దూరి, నిన్న తను బిగించిన బుష్‌ల బోల్టులు వదులు చేశాడు.

"అదేంటి, నిన్న వేసినవే కదా?"

"చక్రాలు గాల్లో ఉండగా బిగించాను. బండి నేల మీద నిలబడ్డాక బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడే ఉండిపోతుంది." కింద నుంచి గొంతు వచ్చింది. "నా దగ్గర పని నేర్చుకునేవాడు ఎవడైనా అలా చేస్తే తన్నేవాణ్ణి. నువ్వు నెత్తిన నిలబడి అరుస్తుంటే..."

"సరే, నాదే తప్పు."

"నీదని కాదు. చెబుతున్నా."

చివరగా, వెనక టైర్లలో పూర్తి లోడుకని కొట్టించి ఉంచిన గాలి కొంత తీశారు. మేస్త్రి బంపరు మీద మోకాలు పెట్టి నొక్కాడు. వ్యాను కుంగి, లేచింది. ఊడదీసిన నాలుగు పట్టీల మీద సుద్దతో వ్యాను నెంబరు రాసి గోడకి ఆనించాడు.

*

సోమవారం పొద్దున ఆస్పత్రిలో బండి తీసే ముందు డ్రైవరు సంజాయిషీ ఇచ్చాడు. "బండిని పదకొండు మందికి సరిపడా గట్టి చేయించాను. ఇప్పుడు నలుగురే ఉన్నారు. చూసుకోలేదు. సరిచేశాను." అంతే రాశాడు. ఇన్‌చార్జి రెండుసార్లు చదివాడు.

"ఇదేంటయ్యా? దురుసుగా నడిపావా లేదా, అది రాయాలి. దీన్ని ఏ గడిలో ఎక్కించుకోను నేను?"

"మీ ఇష్టం సార్."

"ఉండు. కొత్త పేరొకటి చేరింది, దారిలోనే." ఒక చీటీ ఇచ్చాడు. "వాళ్ళింటి దగ్గర రెండు నిమిషాలు ఎక్కువ ఆగు. ఆయనకిదే మొదటిసారి."

లైన్‌మన్‌నీ మిగతా ఇద్దరినీ ఎక్కించుకుని టైలరమ్మ గేటు ముందు ఆపాడు. హారను కొట్టలేదు. దిగి లోపలికి వెళ్ళాడు. వరండాలో కోడలు ఎదురొచ్చింది. ఏడ్చినట్టుంది, కోపంగానూ ఉంది.

"మీరైనా చెప్పండన్నయ్యా. నిన్నంతా మా ఆయన బతిమాలారు, నేను కాళ్ళు పట్టుకున్నాను. వింటేనా! ఎవరో చీర అంచు కుట్టమన్నారట, ఇవాళే ఇవ్వాలట."

లోపల మెషీను చప్పుడు. టైలరమ్మ కిటికీ దగ్గర కూర్చుని పచ్చటి గుడ్డ సూది కిందికి తోస్తోంది. పాదాలు అప్పుడే ఉబ్బినట్టున్నాయి, ఒక చెప్పు తొడుక్కోలేక పక్కన వదిలేసింది. తల ఎత్తలేదు.

"రావద్దని చెప్పాను కదా నాయనా."

డ్రైవరు దారంతా కూర్చుకుని వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ పక్కన పెట్టాడు.

"శనివారం నేను మీ సీట్లో కూర్చున్నానమ్మా," అన్నాడు.

మెషీను ఆగింది. "ఎంతసేపు?"

"షెడ్డు పక్క సందు. ఈ చివర నుంచి ఆ చివరికి."

"ఎంతుంటుంది ఆ సందు?"

"అర కిలోమీటరు ఉండదు."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. అతను చూపు దించుకున్నాడు. "ఓర్చుకోండి అన్నాను మీతో. అలా అని ఉండాల్సింది కాదు."

వరండాలోంచి కోడలు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. బయట లైన్‌మన్ ఎవరితోనో ఏదో అంటున్నాడు. టైలరమ్మ సూది పైకెత్తి, గుడ్డ బయటికి లాగి, దారం పంటితో కొరికింది. కుట్టింది సగమే. మడతపెట్టి మెషీను మీద ఉంచింది.

"బాగైందా బండి?"

"నాకు బాగానే అనిపించింది. మీరు ఎక్కి చెప్పాలి. బాగాలేదంటే మొదటి మలుపు దగ్గరే వెనక్కి తిప్పుతాను. మళ్ళీ అడగను."

"మొదటి మలుపు దగ్గర కాదు. మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర," అంది ఆవిడ, చెప్పు కోసం కాలితో వెతుక్కుంటూ.

చివరి సీట్లోనే కూర్చుంది. కుడిచేత్తో కడ్డీ పట్టుకుంది. స్పీడ్ బ్రేకరు కనపడగానే కళ్ళు మూసుకుని కొంచెం పైకి లేచింది. వ్యాను కుంగి లేచింది. ఆవిడ ఇంకా లేచే ఉంది, గాల్లో, ఇంకా రావాల్సిన దెబ్బ కోసం ఎదురు చూస్తూ. కాసేపటికి కళ్ళు తెరిచి, కిటికీలోంచి వెనక్కి తిరిగి రోడ్డు వంక చూసింది. మెల్లగా కూర్చుంది. డ్రైవరు వేగం తగ్గించి అద్దంలో చూశాడు.

"తిప్పమంటారా అమ్మా?"

"పోనీ."

రెండోది దాటాక అడిగింది, "ఏం చేశావు దీన్ని?"

"పట్టీలు తీసేశామమ్మా. ఒక్కో పక్క రెండు. బండి నిండుగా ఉన్నప్పుడు వేయించినవి."

ఆవిడ ముందున్న సీట్ల వంక చూసింది. లైన్‌మన్ కూడా.

చీటీలోని ఇల్లు మెయిన్ రోడ్డుకి రెండు సందుల లోపల ఉంది. అరుగు మీద ఒక మనిషి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, లావుపాటి మనిషి. పక్కన నిలబడ్డ భార్య బస్సు కండక్టరని చెప్పింది. "రోజూ ఎంతమందిని ఎక్కించేవారో అన్నయ్యా," అని, మాట పూర్తి చెయ్యకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కండక్టరు మెట్టెక్కి తలుపులో ఆగిపోయాడు. వ్యాను ఆ పక్కకి కొద్దిగా ఒరిగింది. అతను ఖాళీ సీట్లు చూశాడు, కూర్చున్న నలుగురినీ చూశాడు, మళ్ళీ సీట్లు చూశాడు. మొదటి వరసలో కిటికీ పక్క సీటు మీద చెయ్యి వేసి, అనుమానంగా అడిగాడు.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

లైన్‌మన్ కిటికీ బయటికి చూస్తున్నాడు. మిగతా ఇద్దరూ తమ చేతుల వంక చూసుకున్నారు. డ్రైవరు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అతను చెప్పాల్సిన మాట కాదది.

"లేరు నాయనా," అంది టైలరమ్మ వెనక నుంచి. "కూర్చో. అక్కడ కుదుపు తక్కువ."

అతను కూర్చున్నాడు. సంచి ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పట్టుకున్నాడు. వ్యాను కదిలాక కాసేపటికి వెనక్కి తిరిగాడు.

"మీరు ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారండీ?"

"నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళా!" అతను సంచి పక్కన పెట్టి, మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఇంకా ఎన్నాళ్ళు తిరగాలండీ ఇలా?"

డ్రైవరు అద్దంలోకి చూడదలచుకోలేదు. చూశాడు.

టైలరమ్మ ఉబ్బిన పాదాన్ని చెప్పులోంచి తీసి, కాలు ముందుకి చాపుకుంది. కడ్డీ మీద చెయ్యి లేదు.

"గురువారం వస్తాను," అంది. "నువ్వూ రా. తర్వాత సంగతి గురువారం చూసుకుందాం."